పదో చెయ్యి

అన్నయ్యా,

ఉద్యోగమూ, నాన్న ఇల్లూ వదిలేసి మా దగ్గరికే వచ్చేస్తున్నానని నువ్వు రాసింది అందరికీ చదివి వినిపించాను. పాత కుర్చీలూ బల్లలూ బాగుచేసుకుంటూ పదిమందిమి కలిసి బతికే ఇల్లిది. కొత్తవాళ్లు చేరాలంటే పదిమందీ చెయ్యెత్తాలి. నీకు తొమ్మిది చేతులు లేచాయి.

"ఏరా, సొంత అన్నకే ఎత్తవా?" అని వడ్రంగి తాత నన్ను నిలదీశాడు.

ఎత్తను. నాన్న గెంటేసిన రోజు నన్ను బస్సెక్కించింది నువ్వేనని మర్చిపోలేదు. కానీ బడి మానేసినప్పటి నుంచీ అందరూ "మీ అన్నని చూసి నేర్చుకో" అన్నవాళ్లే. ఆ మాట వినపడని చోటు ఇదొక్కటే. నువ్వొస్తే వారం తిరక్కుండా ఇక్కడా మొదలవుతుంది.

నీ కోసం తాత అప్పుడే మంచం కోళ్లు చెక్కేశాడు. వాటి మీద పలక బిగించి బల్ల చేసి అమ్మేశాను.

రావద్దు. వెళ్లి నాన్న కాళ్లు పట్టుకో. నీకైతే తలుపు తీస్తాడు.

నీ తమ్ముడు