బస్సులో ఎంగిలిపూల బతుకమ్మ

అశోక్ నగర్, హైదరాబాద్

మా అక్క యాదమ్మకు నీ తమ్ముడు శ్రీను దండం పెట్టి రాసేది.

అక్కా, నువ్వూ బావా ఎట్లా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? బిడ్డ అనిత దగ్గు పోయిందా? మీ బర్రె ఈనిందా? మేం మంచిగున్నాం. నీ మరదలు లక్ష్మి కూడా మంచిగుంది. మళ్లీ చెబుతున్నాను, మేం మంచిగున్నాం, రోడ్డు మీద పడ్డామని నువ్వు పరేషాన్ కావద్దు. ఫోన్లో చెబుదామంటే బస్సు అన్న మాట వినగానే "సరే తమ్మీ, పొయ్యి మీద కూరుంది" అని పెట్టేస్తున్నావు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీ పొయ్యి మీద కూరే ఉంటుందా? అందుకే రాస్తున్నాను. అనితతో చివరిదాకా చదివించుకో.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈసారి ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు నువ్వు మా ఇంటికి రావాలి. "ఇల్లు కట్టినంక పిలువు, బండిల పండుగేంది" అని పోయిన నెల అన్నావు కదా. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, దాచను. బండిలో పండుగ ఎట్లా అయిందో విను, తర్వాత నువ్వే చెప్పు.

గాంధీనగర్ బస్తీలో మా గది కూలగొట్టి కొత్తది కడతామని ఓనరు ఖాళీ చేయమన్నాడు. నేను ఇదివరకు నడిపిన స్కూలు బస్సు పాతదైందని మూలకు పెట్టి ఉంటే దాన్నే తీసుకున్నాను. సీట్లు పీకేశాం. ముందు సగం ఇస్త్రీ దుకాణం, వెనక సగం ఇల్లు. మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, అమ్మ ఫొటో, అన్నీ పట్టాయి. కిటికీలు పద్నాలుగు. మన వంశంలో పద్నాలుగు కిటికీల ఇల్లు ఎవరికైనా ఉందా చెప్పు.

బస్సు పెట్టుకోవడానికి రిటైరైన టీచరమ్మ సుభద్రమ్మ గారు తన ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఇచ్చారు. వాళ్ల నల్లా, బయటి బాత్రూమే మాకూ. బదులుగా ఆమె చీరలన్నీ మేం ఇస్త్రీ చేస్తాం. గల్లీ నిండా సర్కారు నౌకరీల కోసం చదివే పిల్లలే కాబట్టి పనికి కొదవ లేదు. వానలు మాత్రం వదలడం లేదు. చినుకు పడితే పైన రేకు మీద డప్పు కొట్టినట్టే. తిండికి లోటు లేదు, లక్ష్మి జొన్నరొట్టె చేస్తుంది, చిక్కడపల్లి మార్కెట్ నుంచి ఆకుకూర తెస్తాను. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే కష్టం. పిల్లలు నిద్రపోతారు, గల్లీలో చప్పుడుండదు, అప్పుడు నువ్వు గుర్తొస్తావు.

బస్సులో చేరిన రోజు పాలు పొంగించాలి కదా. లక్ష్మి పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది. సుభద్రమ్మ గారు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"శీనూ, వాకిలి దక్షిణానికున్నది. గిట్ల పాలు పొంగిస్తరా ఎవరన్న?"

"దానికేముందమ్మా, మా ఇల్లు తిరుగుతది," అని నేను గబుక్కున డ్రైవరు సీట్లో కూర్చుని బస్సు తీశాను. పొయ్యి మీద గిన్నె ఉందన్న సోయే లేదు నాకు. వాకిలి తూర్పుకు తిరిగింది, పాలూ పొంగాయి. గిన్నెలో సగం పాలు ఇస్త్రీ చేసి పెట్టిన స్వప్న చీర మీద పడ్డాయి. స్వప్న అంటే ఎదురు హాస్టల్లో ఉండి మూడేళ్లుగా పరీక్షలు రాస్తున్న నల్గొండ అమ్మాయి. మర్నాడు ఇంటర్వ్యూకు కట్టుకోవాల్సిన చీర అది. లక్ష్మి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. చీర పిండి, ఆరబెట్టి, మళ్లీ ఇస్త్రీ చేసి పొద్దున్నే ఇచ్చాం. ఆ పిల్ల నవ్వి, "పాలు వడ్డది మంచిదే అన్నా, ఈసారన్న నౌకరొస్తదేమో," అంది. ఇంకా ఫలితం రాలేదు. నువ్వు కూడా ఒక దండం పెట్టుకో.

ఇక మొన్న అమావాస్య నాడు పండుగ మొదలు, ఎంగిలిపూల బతుకమ్మ. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు అక్కా, అంత సంతోషంగా ఉంది. నేను తెల్లారకముందే పోయి గునుగు, బంతి, కట్లపూలు తెచ్చాను. లక్ష్మి ఇస్త్రీ బల్ల మీదే తాంబాళం పెట్టుకుని మూరెడు ఎత్తు పేర్చింది, పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. తీరా సాయంత్రం గల్లీ ఆడవాళ్లు బయటికి వచ్చేసరికి బతుకమ్మను ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. "వాళ్లు ఇండ్లున్నోళ్లు. నేను బండిలకెళ్లి దిగి వాళ్ల నడుమ పెడితే ఏమనుకుంటరో," అని కదలదు. నేను బతిమాలాను, కసిరాను, ఏమన్నా కదలదు.

సుభద్రమ్మ గారు మెట్ల దగ్గరికి వచ్చి గట్టిగా అన్నారు. "లక్ష్మీ, గల్లీల కార్లు లేని జాగా మీ బస్సు ముందట్నే ఉన్నది. అందరి బతుకమ్మలు మీ వాకిట్లనే పెట్టినం. ఇంటామె లోపల కూసుంటే ఎట్లనే?"

ఇంటామె అన్న మాటకు లక్ష్మి కళ్లనిండా నీళ్లు. దిగింది. నేను హెడ్‌లైట్లు వేశాను. ఆ వెలుగులో పదిహేను బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్లు, స్వప్నా వాళ్ల హాస్టల్ పిల్లలూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నాకు ఒంటి మీద సోయి లేదు. రెండు గంటలు లైట్లు ఆర్పకపోయేసరికి పొద్దున బ్యాటరీ చచ్చింది. హాస్టల్ వాళ్లంతా కలిసి తోస్తేనే బండి లేచింది. బ్యాటరీ పోతే పోనీ, ఆ రెండు గంటలు చాలు నాకు.

ఆ చప్పట్లలో నీ చప్పట్లు లేవు అక్కా. అమ్మ పోయింది, వానలకు మన మట్టి ఇల్లు కూలింది. పోయిన ఏడు సద్దుల నాడు మీ వాడకట్టులో ఎవరో, "యాదమ్మకు తల్లిగారిల్లు యాడున్నది, ఆమె యాడికి పోతది," అన్నారట. నువ్వు బతుకమ్మను ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నావట. నువ్వు చెప్పలేదు, అనిత లక్ష్మికి చెప్పింది. అది విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. ఆడబిడ్డను పండుగకు తోలుకురాలేని వాణ్ని ఏం తమ్ముణ్ని నేను?

సద్దులకు రెండు రోజుల ముందు నేనే వస్తున్నాను. ఆర్టీసీ బస్సులో కాదు, మా బస్సులోనే. లక్ష్మి భయం లక్ష్మిది. "బండి కదిలిస్తే నాలుగు కార్లొచ్చి జాగా ఆక్రమిస్తయి," అంటుంది. దానికి సుభద్రమ్మ గారు, "మీరు పోయి ఆడబిడ్డను తోలుకరాండ్రి. పొద్దుగాల్నే నేను సాన్పు జల్లి ప్లాటు నిండ ముగ్గేస్త. బతుకమ్మ ముగ్గు మీద కారెక్కిచ్చే మొగోడెవడో నేనూ జూస్త," అన్నారు. ఇక జాగా ఎక్కడికీ పోదు.

మెకానిక్‌కు చూపించాను, బండి బాగుంది. మీ చేను గట్టున తంగేడు కోసి పెట్టు, ఇక్కడి మార్కెట్‌కు వాడిపోయినదే వస్తుంది. నైవేద్యం సద్దికి ఒక మానెడు నువ్వులు కూడా తే. చీర మాత్రం తేవద్దు, అది మేం పెట్టేది. బావకు నా నమస్కారం, నాలుగు రోజులు బర్రెను తానే చూసుకోవాలని చెప్పు. మీ అత్తగారి కాళ్లకు మా ఇద్దరి దండాలు, అనితకు ముద్దులు. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

ఆ పొద్దున నువ్వు సంచీ సర్దుకుని వాకిట్లో నిలబడు. మీ వాడకట్టు మొదట్లోనే హారన్ కొడతాను. స్కూలు బస్సు హారన్ అక్కా, ఊరంతా బయటికి వచ్చి చూస్తుంది. యాదమ్మ తల్లిగారిల్లు ఎక్కడుందని అడిగినవాళ్లకు నువ్వేం జవాబు చెప్పకు. ఎక్కి కిటికీ పక్కన కూర్చో.

నీ తోడబుట్టినవాడు,
శ్రీను