నీ కొలత సీటు

ఏమప్పా,

నువ్వు పోయి ఏడాదయింది. మొన్న సంవత్సరీకం నాడు మీ అమ్మ నీ పటానికి దండేసి, గోడకు తగిలించిన నీ సైకిలు కార్బన్ ఫ్రేముకు గూడా ఇంకో దండేసింది. నాకు ఒళ్లు మండింది. "దీన్ని గూడా సంపినావా అత్తా?" అని తెంపి పారేసి, ఫ్రేమును కిందికి దించినా.

అహోబిలం కొండదారిలో తొక్కల్లని కరెంటు సైకిలు చేసుకుంటాంటివి. "ఇది ఇనుము కాదు, చెయ్యి పెట్టొద్దు" అని నన్ను దాని దగ్గరికి రానిచ్చినావా? మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి, మోటారు బిగించకముందే ఎర్రగుంట్ల రోడ్డులో లారీ కింద పడి పోయినావు.

ఫోన్లో చూసుకుంటా మోటారు, బ్యాటరీ, బ్రేకులు అన్నీ నేనే బిగించినా. సీటు మాత్రం నీ పొడుగుకే ఉండాది. సీటు కింది కార్బన్ రాడ్డు పూర్తిగా దించినా నాకు కాళ్లు అందలే.

"వాని కొలతది, అట్లే ఉండనీ పాపా" అనింది మీ అమ్మ.

"ఎవరొస్తారని?" అంటా రంపం తీసుకొని రాడ్డు బెత్తెడు కోసేసినా. కార్బన్ కోస్తే మళ్లీ అతకదని నువ్వే చెప్తాంటివి.

బండి శానా బాగా పోతాండాది. ఇంక నువ్వు తిరిగొచ్చినా తొక్కలేవు, మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి.