తడిస్తే కుక్క వాసన

ఒరేయ్ కనయోక్,

నువ్వు పనిచేసే గని నుంచి తిప్పి పంపిన టోపీ అందింది. తడిస్తే కుక్క వాసన వేస్తోందనీ, ముసలితనంతో నా చేతుల్లో పనితనం పోయిందనీ రాశావు. అక్కని అనడానికి నోరెలా వచ్చిందిరా నీకు?

నిరుడు మన మంచు మైదానంలో కస్తూరి ఎద్దులు పొదలకి రాసుకుని ఉన్ని రాల్చే రోజుల్లో సంచీ నింపుకొచ్చి ఏమన్నావు? "అక్కా, మందంతా దూడల్ని మధ్యలో పెట్టుకుని కొమ్ములు చూపిస్తూ నిలబడింది. అయినా సరే, పెద్ద ఎద్దు ముక్కు కింది పొదల్లోంచే ఏరుకొచ్చా!" అన్నావు.

చెయ్యి పెట్టగానే తెలిసింది నాకు. ఎద్దు ఉన్నికి వాసనే ఉండదు, పట్టుకుంటే పొగలా తేలిగ్గా ఉంటుంది. నువ్వు మందని చూసి వెనక్కి పరిగెత్తుకొచ్చి, మన కుక్క పుకాక్‌ని కట్టేసే పొదల్లో దాని బొచ్చు ఏరావు. వీరుడి పరువు తీయడమెందుకని నేనూ నోరు మూసుకుని అదే అల్లాను.

ఇప్పుడు పార్సెల్ విప్పగానే పుకాక్ ఆ టోపీ లాక్కుపోయింది. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ చేప వేసినా సరిగా ముట్టని ముసలిది, నిన్న దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని రెండు చేపలు తినేసింది. తన బొచ్చు మీద ప్రేమ అనుకుంటున్నావా? అందులో నీ తల వాసన ఉందిరా.

టోపీ ఇక తిరిగి రాదు. కొత్తది అసలైన ఎద్దు ఉన్నితో అల్లుతాను. కొలత మాత్రం రాసి పంపకు, నీ మాట నేను నమ్మను. ఆ తలకాయ తీసుకుని నువ్వే రా.

నీ అక్క