రీడింగ్ హాల్ గడప

2 అక్టోబర్ 2025

కాలేజీ హాస్టల్ మెట్ల మీద నన్ను వీపున మోస్తూ సారంగపాణి ఒక మాట ఇచ్చాడు. నేను కట్టే మొదటి బిల్డింగుల నువ్వు ఎవ్వని చెయ్యి పట్టకుండ నీ అంతట నువ్వే లోపలికి వస్తవ్ రా స్వామీ, రాసిపెట్టుకో అన్నాడు.

ఆర్కిటెక్ట్ అయ్యాక వాడి మొదటి బిల్డింగ్ మా మట్టెవాడ రీడింగ్ హాల్. 1988లో కట్టాడు. రోడ్డు నుంచి తలుపు దాకా ఎత్తైన మెట్లు. పక్కన రెయిలింగ్ కూడా లేదు. ఇదేందిరా అని అడిగితే, వేయిస్తంభాల గుడి పీఠం చూడలేదా, ఎత్తు లేకుంటే గౌరవం యాడిదిరా అన్నాడు.

అక్కడ లైబ్రేరియన్ ఉద్యోగానికి నా పేరు అనుకున్నారు. పోలియో కాలు, చంకల కింద కర్రలు. మెట్లెక్కలేని లైబ్రేరియన్ ఏం చేస్తడు అని కమిటీ నవ్వింది. నాకన్నా ఎక్కువ చదివినవాడు ఆ కమిటీలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. గ్రెయిన్ మార్కెట్‌లో గుమాస్తాగా బతుకు గడిచిపోయింది. ఇప్పుడు కర్రలు కూడా పోయి వీల్‌చెయిర్ వచ్చింది.

ఈరోజు పేపర్లో వాడి ఫొటో. యాక్సెసిబుల్ డిజైన్‌కు అవార్డు అట. మా రీడింగ్ హాల్‌ను దివ్యాంగులకు అనువుగా మార్చి కడతాడట. దివ్యమైనది ఏముందో నా కాలును అడగాలి.

9 అక్టోబర్

సారంగపాణి మా వీధికి వచ్చాడు. మా ఇంటికి కాదు, ఎదురింటికి.

ఎదురింట్లో కృపమ్మ కూతురు ప్రసన్న ఉంటుంది. యాక్సిడెంట్‌లో వెన్నుపూస దెబ్బతిని వీల్‌చెయిర్‌లో ఉంది. గ్రూప్-2కు చదువుతోంది. ఇంట్లో టీవీ మోతకు చదువు సాగదు, మార్చి కట్టడం ముగించి హాల్ ఎప్పుడు తెరుస్తారా అన్నదే ఆ పిల్ల బెంగ. వాడు టేపు పెట్టి ఆమె మోకాలి ఎత్తు కొలిచాడు. చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలిచాడు. చెయిర్ తిరగడానికి ఎంత చోటు కావాలో వాకిట్లో చాక్‌పీసుతో గీశాడు. అంతా కిటికీలోంచి చూశాను.

తాతా, సార్ నన్నడిగి గీస్తాండు, నేనే ఇంజనీర్ను ఇగ అని అరిచింది ప్రసన్న.

నన్ను కొలిచింది చిన్నప్పుడు నా కాలికి ఇనుప కాలిపర్ చేసినవాడొక్కడే.

10 అక్టోబర్

నాకు రావాల్సింది ఆ పిల్లకు వచ్చింది.

31 అక్టోబర్

సోమక్కతో చెయిర్ తోయించుకుని హాల్ చూడ్డానికి పోయాను. సోమక్క మా ఇంట్లో వంట చేస్తుంది, నన్ను తిప్పుతుంది, తిడుతుంది. ర్యాంప్ కొలతల గురించి దొరికిందంతా చదివి పోయాను. తప్పు పట్టుకోవాలి.

వాలు సరిగ్గా ఉంది. మధ్యలో ఆగడానికి చోటు ఉంది. రెయిలింగ్ రెండు వైపులా. తలుపు దగ్గర గడప తీసేసి నేల ఒకే మట్టం చేశాడు. టాయిలెట్‌లో కూడా వంక దొరకలేదు.

ఏందన్నా గట్ల మొఖం మాడ్చుకున్నవ్, మంచిగనే కట్టిండు గదా అంది సోమక్క. రాత్రి అన్నం సహించలేదు.

12 నవంబర్

తప్పు దొరికింది. సారంగపాణిది కాదు, అయినా చాలు.

కమిటీ ప్రెసిడెంట్ ఓంప్రకాశ్‌కు పెద్ద బట్టల షాపు ఉంది. వాస్తు మనిషిని పిలిపించి చూపించాడట. ఈ పొద్దున వడ్రంగి తలుపు కింద టేకు గడప బిగించాడు. ఎత్తుగా, పసుపు రాసి, కుంకుమ పెట్టి. గడప లేకుంటే అది గోదామే గాని సరస్వతి ఉండే జాగనా కుమారస్వామీ అన్నాడు నాతో. మరి వీల్‌చెయిర్ ఎట్ల అంటే, ఇద్దరు పోరగాండ్లు పట్టి లేపితే అయిపాయె, నువ్వేం ఫికర్ చెయ్యకు అన్నాడు.

సారంగపాణి హైదరాబాద్‌లో ఉన్నాడు. ఎల్లుండి ప్రారంభానికి నేరుగా వస్తాడు. ప్రసన్న ఒక్కతే అందరికన్నా ముందు లోపలికి పోవాలని వాడి ఏర్పాటు.

13 నవంబర్, ఉదయం 7

ఫోన్ చేతిలోనే ఉంది. వాడి నంబర్ కూడా ఉంది. చెప్పడం నా పనా? నన్నేమైనా లైబ్రేరియన్ చేశారా?

సాయంత్రం 5

చెయ్యలేదు. పెద్దలందరి ముందు వాడి మొహం ఎలా మారుతుందో చూడాలి.

14 నవంబర్

లైబ్రరీ వారోత్సవాలు. షామియానా, మైకు, శాలువాలు. ప్రసన్న కొత్త డ్రెస్ వేసుకుంది. ర్యాంప్ మీద చక్రాలు తానే తోసుకుంటూ పైకి పోయింది. అందరూ చప్పట్లు. ముందు చక్రాలు గడపకు కొట్టుకున్నాయి. పిల్ల ముందుకు తూలింది. రెయిలింగ్ దొరికి ఆగింది.

ఓంప్రకాశ్ కేకేశాడు. మనుషులు ఉరికొచ్చి చెయిర్ పట్టుకున్నారు. ముట్టకుండ్రి నన్ను అని ప్రసన్న అరిచింది. మైకులో కూడా వినపడింది. ఏమైతది బిడ్డా, జర లేపుతరు అన్నాడు ఓంప్రకాశ్. లేపుడు ఉంటే ఇదంతా ఎందుకు కట్టిండ్రు అంది. చెయిర్ తిప్పుకుని కిందికి దిగి ఇంటికి పోయింది.

సారంగపాణి షామియానా కింది నుంచి ఉరికొచ్చి, గడప చూసి తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. నేను కోరుకున్నదే. కానీ చూసింది వాణ్ని కాదు, ఆ పిల్లను. ఎంతమంది ఎన్నిసార్లు నన్ను ఎత్తి దించారు! ప్రతిసారీ థ్యాంక్స్ చెప్పాను. ముట్టకుండ్రి అనే మాట నా నోటికి ఒక్కనాడూ రాలేదు. ర్యాంప్ కన్నా ఆ మాట మీదే ఎక్కువ కుళ్లు పుట్టింది నాకు.

15 నవంబర్

సారంగపాణి మా ఇంటికి వచ్చాడు. సోమక్క నోరు ఆగదు. గడప మొన్ననే చూసినం సారూ, అన్న ఫోన్ పట్టుకొని కూసున్నడు అని చెప్పేసింది.

ఒక్క ఫోన్ కొడితే ఏం పోతుండెరా, ఆ పిల్ల ఏం చేసిందిరా నీకు అన్నాడు వాడు. నేనేం చేసిన్నని మెట్లు కట్టినవ్ అన్నాను. అప్పుడు నాకు తెల్వదురా స్వామీ అన్నాడు. నన్ను వీపున మోసినోనివి, నీకే తెల్వదా అన్నాను.

టీ తాగకుండానే పోయాడు.

21 నవంబర్

గడప పీకేశారు. దగ్గరుండి పీకించింది సారంగపాణే. దాని బదులు ఓంప్రకాశ్ నేల మీద పసుపు పట్టీ వేయించాడు, కుంకుమ బొట్లతో సహా. సరస్వతి సమజ్ చేసుకుంటది తియ్ అన్నాడట. ప్రసన్న చక్రాలు రోజూ ఆ పట్టీ మీదుగానే పోతున్నాయి.

సాయంత్రం వచ్చి నా ముందు ఆగింది. ఫోన్ సంగతి తెలిసిందట. నేను పడితే సంబరపడుదువా తాతా అని అడిగింది. నేను చెయిర్ పక్కకు తిప్పుకున్నాను. నీకు కుళ్లు, నాకు తెల్సు, కుళ్లేదేదో ఆడికొచ్చి కుళ్లు, ఫ్యాన్ కింద జాగ ఉన్నది అని పోయింది.

4 డిసెంబర్

పోయాను. సోమక్కను గేటు దగ్గరే ఆపేశాను. ర్యాంప్ మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నాను. తలుపు ఎప్పుడు దాటానో తెలియలేదు. చూస్తే లోపల ఉన్నాను.

అప్పుడు మాటిచ్చి నువ్వు చేయనిది ఇంత తేలికైన పనా, సారంగపాణీ?