భుజం లోపలి వేడి

బుధవారం, చిలకలూరిపేట

మిరపకోతకు వెళ్లే నాగమ్మగారి భుజానికి ఈ రోజు కూడా ఫిజియోథెరపీలో నొప్పి తగ్గడానికి ఇచ్చే అల్ట్రాసౌండ్ వేడి పెట్టాను. జెల్ రాసి ప్రోబ్ తిప్పుతూ రోజూలాగే అడిగాను, "వేడిగా ఉందా అండీ?"

"ఏం లేదమ్మా, గోరువెచ్చగా ఉంది" అన్నారు.

అప్పుడే మంచం చివర ఆవిడ కాలివేళ్లు ముడుచుకోవడం చూశాను. వెంటనే మెషిన్ ఆపేసి, నిజం చెప్పమన్నాను. నవ్వేశారు.

"ఎముక దగ్గర సలుపుతోందిలే. కాయ కోసొస్తే చేతులు రాత్రంతా మండుతుంటాయి, దాని ముందు ఇదెంత?"

చర్మం కాలలేదు. అయినా ఎముక దగ్గర సలుపు అంటే లోపల వేడి ఎక్కువైనట్టే, నా మనసు కుదుటపడలేదు. మెషిన్ మీది అంకె అది ఎంత శక్తి పంపుతోందో చెబుతుంది కానీ, కండ లోపల ఎంత వేడెక్కిందో చెప్పదు. అది కొలవాలంటే లోపలికి సూది గుచ్చాలి. అలాంటివి పరిశోధనల్లో చేస్తారు, మా క్లినిక్‌లో థర్మామీటర్ అంటే పేషెంట్ నోటి మాటే. ఆ మాట నమ్మి ఎంతమందికి ఇలా వేడి పెంచుతూ పోయానో...

వెళ్లేటప్పుడు గట్టిగానే చెప్పాను, కొంచెం సలిపినా దాచొద్దని. చెప్పులేసుకుంటూ అన్నారు, "చెబితే వేడి తగ్గించేస్తావు కదమ్మా. కోతలు అయిపోయేలోపు నాకీ చెయ్యి లేవాలి."

ఆవిడ వెళ్లాక ప్రోబ్‌కి అంటిన జెల్ తుడిచి పెట్టాను.

రేపు కూడా అడుగుతాను. చూపు మాత్రం కాలివేళ్ల మీదే ఉంచాలి. వాటిని చూస్తున్నానని తెలిస్తే ఆవిడ వాటినీ కదలనివ్వరు.