రాజ్యాన్ని ఆ కారు ఎక్కించవద్దు

నరసరావుపేట, 9-2-1948

చి. శేషగిరికి మేనమామ రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మా అమ్మాయి రాజ్యాన్ని పురిటికి నీ రెండు సీట్ల పందెపు కారులో తెస్తానన్న నీ కార్డు అందింది. తేవద్దు. కిందటి నెల అదే కారులో నన్ను మాచర్ల తీసుకెళ్లావు. ప్రతి గుంటలోనూ దాని అడుగు నేలకు కొట్టుకొని నా నడుము పట్టేసింది. కుదుపు ఆపే కమానులు, అదే స్ప్రింగు పట్టీలు, చూడరా అంటే మీ అరుగు మీద అందరి ముందూ నవ్వావు. "పుస్తకాలు చదివి కార్లు బాగుచేస్తావేంది మామయ్యా? మీ వీధి బ్రహ్మయ్య చేత కొత్తయి ఏయించాగా!"

తిరిగి రాగానే ఆ కమ్మరినే అడిగాను. "నేనేం జేసేది పంతులుగారూ! పాత ఉక్కు పట్టీలు మీ అల్లుడు నన్నే ఉంచుకోమన్నాడు, కొడవళ్లు జేసుకున్నా. బదులు బండిచక్రం ఇనప పట్టా కోసి బిగించా. అది వంగితే మళ్లీ లేవదు" అన్నాడు. నీ కారు ఉక్కు ఇక్కడ గడ్డి కోస్తోంది.

మద్రాసు నుంచి అసలైన ఉక్కు కమానులు తెప్పించి రైలు పార్సెలులో పంపాను. బస్సుల మేస్త్రీ చేత నాలుగూ మార్పించు. రాజ్యాన్ని మాత్రం రైల్లోనే పంపు, స్టేషనులో నేనుంటాను. దాని కాళ్లవాపు తగ్గిందా? మీ అమ్మ దగ్గు ఎలా ఉంది?

కవరు దొరక్క కార్డు మీద రాశాననుకోకు. టపా మనిషి మీ అరుగు మీద దీన్ని బిగ్గరగా చదువుతాడు. ఆనాడు నవ్విన వాళ్లంతా వినాలి.

రాజ్యానికీ చెల్లికీ నా ఆశీస్సులు. నీకు కమానులు మార్చాక.

అనంతయ్య