చూడి జింక

20 జూలై 2024, శనివారం

భజన అయ్యాక సుగంధి మందిరం మధ్యలో నిలబడి ఫోన్‌లో ఫోటోలు చూపించింది. ఇపో పట్నం దగ్గర సున్నపురాతి కొండ, దాని గోడ మీద ఎర్రటి బొమ్మలు. వేల ఏళ్ళనాటివట. ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం మమ్మల్నందరినీ తీసుకెళ్తుందట. మా తమ్ముడి కూతురు. యూనివర్సిటీలో ఆ బొమ్మల మీదే రీసెర్చ్. ఇక్కడ మలేసియాలోనే పుట్టి పెరిగింది కదా, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే సగం తమిళం, సగం ఇంగ్లీషు, మాట చివర మలయ్ వాళ్ళ ‘లా’.

నాకు ఒళ్ళు మండింది. భగవంతుడు చేసిన కొండను వదిలి మనిషి గీసిన గీతలకు మొక్కుతారా అని మైకులో గర్జించాను. అందరూ తలూపారు. తలూపి, వ్యాన్‌కు పేర్లిచ్చారు. మొదటి పేరు నా భార్య పాపాయిదే.

24 జూలై

నేనూ వెళ్తున్నాను. ప్రసంగాలకు చదివే గ్రంథం పట్టుకుని వెళ్తాను. అక్కడే ఖండిస్తాను.

28 జూలై, ఉదయం ఆరు

మా ఊరు తెలుక్ ఇంటాన్ బస్టాండ్. వ్యాన్ ఇంకా రాలేదు. సుగంధి ఫోన్ చేసి మళ్ళీ హెచ్చరించింది. రాతిని ఎవరూ ముట్టకూడదు. నీళ్ళు వద్దు, కర్పూరం వద్దు. పర్మిట్ తన పేరు మీద ఉంది. ఏదైనా జరిగితే ఆమెను ఇంక కొండెక్కనివ్వరు, రీసెర్చ్ అక్కడితో ఆగిపోతుంది. సరే అన్నాను. పాపాయి సంచిలో ఏముందో మాత్రం చూడలేదు.

28 జూలై, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలి.

ఎండ. నడుం దాకా లాలాంగ్ గడ్డి. తర్వాత మెట్లు, సగం విరిగినవి. మద్దెల వాయించే గణేశన్ నా వెనకే ఎక్కుతూ, “ఏటి గురువుగారూ, మైకు లేకపోతే ఊపిరి రాదేటి” అన్నాడు. జవాబివ్వడానికి నిజంగానే ఊపిరి లేదు.

పైకి చేరి తలెత్తాను.

గోడంతా మనుషులు, జంతువులు. కొన్ని ఎంత ఎత్తున ఉన్నాయంటే, గీసినవాడు దేని మీద నిలబడ్డాడో ఊహకు అందదు. చేతులు చాచిన మనిషి ఒకడు అచ్చం భజనలో చిందేస్తున్నట్టున్నాడు. అందరూ నా వైపు చూశారు, ప్రసంగం కోసం. నేను గ్రంథం సంచిలోంచి తీయలేదు. తీయాలని గుర్తే రాలేదు.

కింద, చేతికందే ఎత్తులో ఒక జింక. గుండ్రటి పొట్ట. పొట్టలో ఇంకో చిన్న జింక.

తాతలు రబ్బరు ఎస్టేట్లలో పనిచేసిన కాలం నుంచీ మాకొక పద్ధతి ఉంది. దారిలో ఎర్రబారిన రాయి కనిపిస్తే కుంకుమ పెట్టి దండం పెట్టాకే ముందుకు కదులుతాం. దేవుడు స్తంభంలోంచి వచ్చినవాడు, ఏ రాతిలో ఉంటాడో నీకేం తెలుసు అని నేనే ప్రతి ఏడూ చెప్తాను. అదీగాక ఇది కడుపుతో ఉన్న జింక.

పాపాయి సంచిలోంచి కుంకుమ తీసింది. సీసాలో నీళ్ళతో తడిపింది. కడుపుతో ఉన్నదానికి బొట్టెట్టకుండా ఎలా ఎల్తామని అంటూనే వేలు చాచింది. మిగతా ఆడవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. అటు చివరనున్న సుగంధి, “పెద్దమ్మా, వద్దు లా” అంది. పాపాయికి వినిపించలేదో, వినదలచుకోలేదో.

వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. రూల్స్ అంటే వినదు. నా మీదే నా ప్రసంగం తిప్పికొడుతుంది.

“సరిగ్గా సూడు పాపాయీ. దీని ఒల్లంతా ఎరుపే. ఎవులో ముందే బొట్టెట్టినారు. నీ తడి సెయ్యి తగిల్తే అది సెరిగిపోద్ది. కడుపుతో ఉన్నదాని బొట్టు సెరిపేస్తావేటి?”

పాపాయి నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆడవాళ్ళంతా రెండడుగులు వెనక్కి వేశారు. తడి కుంకుమతో వేలు గాల్లో ఉండిపోయింది. ఎవరికో ఒకరికి పెట్టాలి కదా. చుట్టూ చూసి సుగంధి నుదుట పెట్టేసింది.

సుగంధి తుడుచుకోలేదు. కిందికి దిగి కొబ్బరిపాల అన్నం, అదే నాసి లెమాక్, పొట్లాలు పంచేటప్పుడు కూడా ఆ బొట్టు ఉంది.

29 జూలై

ఈ తెలుగు అక్షరాలు నేను బడిలో నేర్చుకున్నవి కావు. గ్రంథం ముందు పెట్టుకుని, ఒక్కొక్కటే కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నాకు కాస్త గర్వం.

ఆ జింకను గీసినవాడి ముందు ఏ పుస్తకమూ లేదు. తల్లి పొట్టలో ఉన్నది బయటికి కనిపించదు. అయినా గీశాడు. కంటికి కనబడనిది ఉంది, నమ్మండి అని నేను ఇన్నేళ్ళుగా అరుస్తున్నాను. వాడు అరవలేదు.

31 జూలై

సుగంధి ఫోన్. కొండ దగ్గర కాపలా ఉండే గార్డు రాయంతా చూసుకుని, అంతా బాగుందని రిపోర్ట్ ఇచ్చాడట. కడుపుతో ఉన్న జంతువును తెలుగులో ఏమంటారని అడిగింది. చూడి అన్నాను. చూడి జింక, చూడి జింక అని పాపలా మళ్ళీ మళ్ళీ అనుకుంది.

3 ఆగస్టు

వంటింటి గోడ మీద తడి కుంకుమతో జింకను గీశాను. కుక్కలా వచ్చింది. పాపాయి స్టవ్ ఆపి వచ్చి చూసింది. పక్కనే కాస్త పసుపు ఉంటే, దానితో జింకకు బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.